చూడకుండా కొన్న ఇల్లు

శాన్ లియాండ్రోలో ఆ ఆదివారం ఎండ మెత్తగా ఉంది. ఆర్మాండో సిల్వేరా పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేసి, దాని మీద మాంసం ముక్కలు తిప్పుతున్నాడు. నిమ్మచెట్టు నీడలో అతని భార్య లోర్నా ఉల్లిపాయలు తరుగుతోంది. ఆమె తమ్ముడు వెండెల్ చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని, బీరు సీసాతో కుర్చీలో వెనక్కి వాలాడు. పక్కింటి కుక్క కంచె సందులో ముక్కు దూర్చి వాసన పీలుస్తోంది.

వెండెల్ జేబులో ఫోను చిన్నగా మోగింది. తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“ఎవర్రా?” అంది లోర్నా.

“ఎవరూ కాదక్కా. టొలీడోలో నాలుగో ఇంటి అద్దె పడింది. మిగతావి పొద్దున్నే పడ్డాయి.”

గొప్పకు అని ఉంటే ఆర్మాండో లోలోపల తిట్టుకుని ఊరుకునేవాడు. కానీ వెండెల్ రాత్రి వాన పడిందన్నంత మామూలుగా అన్నాడు. ఆర్మాండోకు కడుపులో కారం పోసినట్టయింది.

ఆర్మాండో ముప్పై ఏళ్ళుగా ఓక్లండ్‌లో లిఫ్టులు బాగుచేస్తున్నాడు. వెండెల్ బడి పిల్లల బస్సు నడుపుతాడు. వయసులో చిన్నవాడు, జీతంలో చిన్నవాడు. అలాంటివాడు రెండు వేల మైళ్ళ అవతల, ఓహియోలోని టొలీడోలో, ఇక్కడ కారు షెడ్డు కూడా రాని డబ్బుకు ఒకటి తర్వాత ఒకటి నాలుగిళ్ళు కొన్నాడు. ఇక్కడ బస్సు నడుపుతుంటే అక్కడ నాలుగు ఇంటి కప్పులు అతని కోసం సంపాదిస్తున్నాయి.

“బావా, మాంసం మాడుతోంది,” అన్నాడు వెండెల్. “నీ కళ్ళు పొయ్యి మీద పెట్టు, నా జేబు మీద కాదు.”

లోర్నా పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆర్మాండోను ఎక్కువ గుచ్చింది.

“అయిదోది కూడా చూస్తున్నానక్కా,” వెండెల్ చెప్పుకుపోతున్నాడు. “ఫెర్న్ వీధిలో. అద్దెకున్నావిడతో సహా అమ్ముతున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఆ ఇల్లు కదల్లేదట. వచ్చే నెల సెలవుల్లో వెళ్ళి, ఆవిడతో ఓ కాఫీ తాగి, అప్పుడు కొంటా. మనిషిని చూడకుండా నేను ఏ ఇల్లూ కొనను.”

ఆర్మాండో మాడిన ముక్క తీసి కుక్కకు విసిరాడు.

ఆ వారమే అతను ఫెర్న్ వీధి ఇంటికి బేరం పెట్టాడు. అడిగినదాని మీద ఇంకొంత కలిపి, తనిఖీ అక్కర్లేదని చెప్పి, వెండెల్ సెలవులు మొదలయ్యేలోపల ముగించేయాలని చూశాడు. చేతిలో అంత డబ్బు లేదు. ఉన్న ఇంటి మీద అప్పు తీసుకోవాలి. దానికి లోర్నా సంతకం కావాలి.

లోర్నా ఆ కాగితాన్ని వంటింటి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇది నా తమ్ముడి మీద పంతమా, నిజంగా కావాలా?”

“నిజంగానే. నాకూ వయసైపోతోంది. ఎంతకాలం ఆ లిఫ్టు గుంటల్లో దిగను?”

“చూడు ఆర్మాండో,” అంది ఆమె మెల్లిగా. “ఈ గోడలకు రంగు నేను వేశాను. ఆ చెట్టు నేను పెట్టాను. నాకు పిల్లా జెల్లా లేరు, ఈ ఇల్లే ఉంది. ఇది పోయిందనుకో, నేను ఎక్కడుంటానో నాకే తెలీదు.”

“పోదు. నా మాట మీద నమ్మకం లేదా?”

ఆమె సంతకం పెట్టింది. అతని ముఖం చూడకుండా పెట్టింది.

మిగతా కాగితాలన్నీ ఫోనుకే వచ్చాయి. ఒక ఆఫీసు భవనంలో, పదకొండో అంతస్తు పైన, లిఫ్టు యంత్రాల గదిలో, గ్రీజు చేతిని గుడ్డకు తుడుచుకుని ఆర్మాండో వేలితో నొక్కుతూ పోయాడు. ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం. అద్దెమనిషి రాసిచ్చే కాగితం ఒకటుంటుంది. అద్దె ఎంత, ఎప్పటినుంచి ఉన్నారు, యజమానితో ఇంకేమైనా ఒప్పందం ఉందా అని. అక్కడ అందరూ ‘లేదు’ అనే రాస్తారు. అదీ వచ్చింది. తెరవకుండానే నొక్కేశాడు. నొక్కుతున్నంతసేపూ వెండెల్ ముఖం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ ఉన్నాడు.

వెండెల్ ముఖం మాడలేదు.

“నువ్వు తీసుకున్నావా? మంచిది బావా, ఎవరో పరాయివాడు తీసుకున్నాడనుకున్నా,” అన్నాడు. “అద్దెకున్నావిడ రాసిచ్చిన కాగితం చదివావా? అమ్మేవాళ్ళు నాకూ పంపారు. ఒప్పందాల దగ్గర ఆవిడ పెన్సిలుతో ఏదో రాసింది. అది నాకు నచ్చలేదు. అందుకే వెళ్ళి ఆవిడతో మాట్లాడదామనుకున్నా.”

“చదివాలే,” అన్నాడు ఆర్మాండో. ఓర్వలేక అంటున్నాడు, అనుకున్నాడు.

అద్దె ఠంచనుగా వచ్చేది. టొలీడోలో ఇంటి మంచిచెడ్డలు చూసే రోషెల్ అనే ఆవిడ నెలనెలా పంపేది. రోషెల్ ఆఫీసుకు ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉంది. కుళాయి కారినా, పొయ్యి వెలగకపోయినా అద్దెకున్నవాళ్ళు అందులో రాస్తే యజమానికి చేరుతుంది. సెప్టెంబరులో ఒకరోజు ఆ పేజీలో ఆర్మాండోకు ఉత్తరం కనిపించింది.

‘సిల్వేరా గారికి. కుళాయి బాగుంది. కప్పు బాగుంది. నాకేమీ అక్కర్లేదు. ఒక్క విషయం అడగాలనిపించింది. మీరుండే ఇంట్లో వంటిల్లు ఏ రంగు? ఇట్లు, హుల్డా బ్రాండ్.’

ఆర్మాండోకు నవ్వొచ్చింది. నీలం రంగు, నా భార్యే వేసింది, అని రాశాడు.

‘నీలమా. ఎంత బాగుంటుందో. ఇక్కడ పొగ రంగు,’ అని జవాబు.

ఆ రాత్రి అతనికి హాయిగా నిద్రపట్టింది. మర్నాడు నిమ్మచెట్టు గురించి రాశాడు. ఆ తర్వాత పడకగది కిటికీలోకి పొద్దున్నే పడే ఎండ గురించి రాశాడు. ఇన్నేళ్ళూ ఇంకొకరిని చూసి కుళ్ళుకోవడమే తప్ప, తనను చూసి ఒక మనిషి కుళ్ళుకోవడం అతనికి కొత్త. ఆ రుచి మరిగాడు. ఫొటోలు పంపాడు. పెరటి వైపు కర్టెన్లు. చెట్టు నిండా కాయలు. గిన్నెలు కడుగుతున్న లోర్నా వీపు.

‘ఎంత అదృష్టవంతురాలో ఆవిడకు తెలుసా?’ అని వచ్చింది.

‘తెలీదు,’ అని రాశాడు సరదాగా.

‘తెలిసినవాళ్ళకి ఇస్తే బాగుండేది.’

“రోజూ ఎవరికి రాస్తున్నావు?” అంది లోర్నా ఒకరోజు.

“అద్దెకున్నావిడకు. మన ఇల్లు బాగుందంటోంది.”

“మన ఇల్లు ఆవిడెలా చూసింది?”

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నవంబరులో వెండెల్ టొలీడో వెళ్ళొచ్చాడు. వస్తూ ఆపిల్ మురబ్బా సీసా ఒకటి తెచ్చాడు. “మా రెండో ఇంటావిడ ఇచ్చిందక్కా. తినకుండా కదలనివ్వలేదు.” తర్వాత ఆర్మాండో వైపు తిరిగాడు. “నీ ఇంటి ముందునుంచి కూడా వెళ్ళా బావా. దీపం లేదు. కానీ ఆ కర్టెన్లు, అచ్చం మీ పెరటి వైపు కర్టెన్లలాగే ఉన్నాయి.”

“నా ఇంటికి నువ్వెందుకు వెళ్ళావు?” అని అరిచాడు ఆర్మాండో.

లోర్నా చెంచా బల్ల మీద పెట్టేసింది.

“వీధిలోంచే చూశాను బావా. ఇంటి కప్పు ఎత్తుకొచ్చానా?”

ఆ మురబ్బా లోర్నా రొట్టెకు రాసుకుని, ఎంత బాగుందో, ఎంత బాగుందో అంటూ తింది. ఆర్మాండో ముట్టలేదు. మూడు రోజులు ఆ సీసా వంటింటి గట్టు మీద అతన్ని చూస్తూనే ఉంది. నాలుగో రోజు టొలీడోకు టికెట్టు కొన్నాడు. తనూ వెళ్తాడు. తన అద్దెమనిషితో తనూ కాఫీ తాగి, ఏదో ఒకటి చేతపట్టుకుని వస్తాడు.

అద్దెకిచ్చిన ఇంట్లో యజమానైనా చెప్పకుండా అడుగుపెట్టకూడదు. ఒకరోజు ముందు తలుపుకు కాగితం అంటించాలి, రేపు ఫలానా వేళకు ఇల్లు చూడటానికి వస్తున్నాం అని. అతను బయల్దేరే ముందురోజు సాయంత్రం అయిదున్నరకు రోషెల్ ఫెర్న్ వీధి తలుపుకు ఆ కాగితం అంటించింది.

డిసెంబరులో ఆ ఊళ్ళో అయిదింటికే చీకటి పడుతుంది. డెట్రాయిట్‌లో విమానం దిగి, అద్దె కారు నడుపుకుంటూ ఆర్మాండో వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. పాత మంచు కాలిబాట పక్కన నల్లగా గట్టిపడి ఉంది. రెండంతస్తుల సన్నటి చెక్క ఇల్లు. అటూ ఇటూ ఖాళీ స్థలాలు. మెట్ల దగ్గర లావుపాటి కోటులో రోషెల్, తాళంచెవి పట్టుకుని, కాళ్ళు మార్చి మార్చి నేలకేసి కొడుతోంది.

“మీరే మొదటివారు సార్,” అంది. “మీకు ముందు నలుగురు యజమానులు. అరిజోనా ఒకాయన, ఫ్లోరిడా ఒకాయన... ఎవరూ ఒక్కసారి కూడా వచ్చి చూసుకోలేదు. అందరూ ఫోన్లోనే కొన్నారు, ఫోన్లోనే అమ్మారు.”

“హుల్డా గారు ఉన్నారా లోపల?”

“ఉండాలి మరి. నాలుగేళ్ళయింది, నేనెప్పుడూ చూడలేదు ఆవిడ్ని. ఒకటో తారీఖు పొద్దున్నే ఆఫీసు తలుపు కింద కవరు ఉంటుంది. అంతే.”

“మీ పేజీలో రోజూ రాస్తుందిగా.”

రోషెల్ అతన్ని వింతగా చూసింది. “హుల్డా గారా? ఆవిడకు ఫోనే లేదు సార్. ఆవిడ పేరు మీద ఆ పేజీ మేము తెరవనే లేదు.”

ఆర్మాండో జేబులో ఫోను తడుముకున్నాడు. వెంటనే ఒళ్ళు మండింది. వెండెల్! వాడే. ముసలావిడ పేరు పెట్టి ఇన్ని నెలలూ తనతో ఆడుకున్నాడు. నీలం రంగు, నిమ్మచెట్టు... చదివి ఎంత నవ్వుకుని ఉంటాడో. లోర్నాకు కూడా చూపించి ఉంటాడు.

“నాకింకో ఇంట్లో పైపులు పగిలాయి సార్, వెళ్ళాలి,” అని రోషెల్ తాళంచెవి అతని చేతిలో పెట్టి, కారెక్కి వెళ్ళిపోయింది. వెనక దీపాలు మలుపు తిరిగాయి. వీధిలో చప్పుడు లేదు.

అతను మూడుసార్లు తలుపు కొట్టాడు. తర్వాత కోపంగా తాళం తీశాడు.

లోపల బయటికంటే చలిగా ఉంది. నేలకు రాసిన మైనం వాసన, చల్లారిన బూడిద వాసన. వాటి కింద ఇంకేదో పుల్లటి వాసన, ఈ ఊరిది కానిది. గోడ తడిమి స్విచ్ వేశాడు. పసుపు దీపం ఒకటి వెలిగీ వెలగనట్టు వెలిగింది.

“హుల్డా గారూ?”

జవాబు లేదు. ఇంట్లో ఎక్కడో గడియారం కొట్టుకుంటోందనుకున్నాడు. కాదు, అది అతని చెవుల్లో రక్తమే.

నడవా దాటి వంటింట్లోకి వెళ్ళాడు. వంటిల్లు నీలంగా ఉంది.

ఏదో ఒక నీలం కాదు. లోర్నా రెండు డబ్బాలు కలిపి తయారుచేసిన నీలం. కిటికీకి కర్టెన్లున్నాయి. చెయ్యి పెట్టి చూస్తే కాగితం. దాని మీద పెరటి కర్టెన్ల పువ్వులు, ప్రతి పువ్వూ, ప్రతి రేకూ, పెన్సిలుతో గీసి ఉన్నాయి. వందలు. వెనక వసారాలో బకెట్లో ఇసుక పోసి ఎండుకొమ్మ ఒకటి నిలబెట్టి ఉంది. దానికి దారాలతో నిమ్మకాయలు కట్టి ఉన్నాయి. పచ్చివి. కాడల దగ్గర ఇంకా తడి ఉంది.

ఫొటోలు చూసి చేసి ఉంటారు, అనుకున్నాడు. వెండెల్ మొన్న వచ్చినప్పుడు...

అప్పుడు ఫ్రిజ్ వెనక చూశాడు. శాన్ లియాండ్రోలో ఫ్రిజ్ వెనక, రంగు చాలక లోర్నా వదిలేసిన పాత గోడ ముక్క ఒకటుంది, అరచేయంత. ఏ ఫొటోలోనూ లేదు. వెండెల్‌కు తెలీదు. ఇక్కడా ఉంది, అరచేయంత.

అక్కడినుంచి పారిపోవలసిన మనిషి, కానీ పోలేదు. గదిగదీ చూశాడు. తన ఇంట్లో రెండేళ్ళుగా చుక్కచుక్కగా కారుతున్న బాత్రూం కుళాయి ఇక్కడ కారడం లేదు. కిర్రుమనే తలుపు ఇక్కడ చప్పుడు లేకుండా తెరుచుకుంది. గిన్నెలకోసం కొట్టిపెట్టమని లోర్నా ఎన్నోసార్లడిగిన అర ఇక్కడ గోడకు ఉంది, అంచులు నున్నగా చిత్రిక పట్టి. తను వాయిదా వేసిన ప్రతి పనీ ఎవరో ఓపిగ్గా చేసి పెట్టారు. భయం ఇంకా పూర్తిగా రాకముందే, అతనికి అలవాటైన మంట వచ్చింది. తన ఇంటిని తనకంటే ఎక్కువగా ప్రేమించినవాళ్ళున్నారు. చెక్క నలభై ఏళ్ళ పాతది, గోడలు పెచ్చులూడేవి, అయినా ఇదే బాగుంది. అతను ఆ ఇంటిని చూసి కుళ్ళుకున్నాడు.

వంటింటి బల్ల మీద ఒక కాగితం ఉంది. లిఫ్టు గదిలో అతను తెరవకుండా సంతకం నొక్కిన కాగితం. అచ్చుగీతల మధ్య, ‘యజమానితో ఇంకేమైనా ఒప్పందం’ అన్న చోట, పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు.

‘యజమాని నా ఇల్లు చూడటానికి వచ్చిన రోజు, నేను ఆయన ఇల్లు చూడటానికి వెళ్తాను. ఒకరోజు ముందు కాగితం అంటిస్తాను. నచ్చితే ఉంటాను.’

కింద అతని సంతకం.

ఫోను తీశాడు. ఇంటికి చేశాడు. లోర్నా రెండో మోతకే ఎత్తింది.

“చేరావా? తిన్నావా ఏమైనా?”

“ఇంటికి... ఎవరైనా వచ్చారా?”

“ఎవరొస్తారు? ఆఁ, నిన్న మధ్యాహ్నం మన తలుపుకు ఎవరో కాగితం అంటించి పోయారు. రేపు రెండున్నరకు ఇల్లు చూసుకోడానికి వస్తాం అని. గ్యాసువాళ్ళేమో అనుకున్నా. పెన్సిలుతో రాశారు. నువ్వు సర్దుకునే హడావుడిలో ఉన్నావని చెప్పలేదు.”

గడియారం చూసుకున్నాడు. అయిదున్నర. శాన్ లియాండ్రోలో మూడు గంటలు వెనక, రెండున్నర. అక్కడ ఎండ కాస్తూ ఉంటుంది.

“లోర్నా... తలుపు తీయకు.”

“ఏంటా గుసగుస? గట్టిగా చెప్పు.”

గట్టిగా చెప్పాలనుకున్నాడు. కానీ ఈ ఇంట్లో ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టుంది.

“తలుపు... తీయకు...”

“అదిగో, కొడుతున్నారు. ఉండు.”

చెప్పుల చప్పుడు. గడియ చప్పుడు. పక్కింటి కుక్క ఒక్కసారి మొరిగి, మధ్యలోనే ఆగిపోయింది.

“ఎవరో ముసలావిడ,” అంది లోర్నా ఫోన్లో, గొంతు తగ్గించి. “కోటు కూడా లేదు. గజగజ వణికిపోతోంది... ఇంత ఎండలో. ఇల్లు ఒక్కసారి చూసి పోతానంటోంది. ఇదివరకు ఇక్కడుండేదేమో, పాపం.”

“లోర్నా! వద్దు...”

“చూసుకోనీ, పోయేదేముంది? రండమ్మా... లోపలికి రండి.”

ఫోన్లో అడుగులు వినిపించాయి. మెల్లగా. ఒక గది. ఆగాయి. ఇంకో గది.

అప్పుడు అతని తల మీద, మేడ చెక్క కిర్రుమంది.

ఒక అడుగు. ఇంకో అడుగు. ఫోన్లో ఒకటి... పైన ఒకటి. ఫోన్లో ఒకటి... పైన ఒకటి. ఒకే లయలో.

ఫోను కట్టయింది.

పైన అడుగులు ఆగాయి.

“ఆర్మాండో?”

లోర్నా గొంతు. మెట్ల పైనుంచి.

“కరెంటు పోయిందా?... ఏమిటింత చలి?... ఆర్మాండో, కిందున్నావా?”

అతను మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పైన చీకటి గట్టిగా, నల్లగా ఉంది. ఆ చీకట్లోంచి ఉల్లిపాయల వాసన, గిన్నెల సబ్బు వాసన దిగి వస్తున్నాయి. తన ఇంటి వాసనే. లోర్నా చేతుల వాసనే.

అది లోర్నా అయితే?

లోర్నా గొంతు అయి, లోర్నా కాకపోతే?

“ఆర్మాండో... దీపం వెయ్యి... నాకేం కనపడటం లేదు...”

మెట్టు మీది కాలు వెనక్కి వచ్చింది. ఆ తర్వాత అతను పరిగెత్తాడు. నడవా, తలుపు, మెట్లు. బయట పడ్డాక చేయి దానంతటదే తాళంచెవి తిప్పింది. రెండుసార్లు.

లోపల అడుగులు మెట్లు దిగి వచ్చాయి. తలుపు అవతల ఆగాయి.

“తాళమెందుకు వేశావు?” అంది ఆ గొంతు. చాలా మెల్లిగా.

రెండు మైళ్ళ అవతల పెట్రోలు బంకు దగ్గర ఆగి, వెండెల్‌కు ఫోను చేశాడు. ఆర్మాండో అతన్ని జీవితంలో ఎప్పుడూ ఏదీ అడగలేదు.

“మీ అక్క దగ్గరకు వెళ్ళు. ఇప్పుడే. నీ కాళ్ళు పట్టుకుంటా రా...”

“ఏమైంది బావా? వెళ్తున్నా, వెళ్తున్నా.”

ఇరవై నిమిషాలు. బంకులో తెల్లటి దీపాల కింద ఆర్మాండో కారు తలుపులు మూసుకుని కూర్చున్నాడు. ఫోను మోగింది.

“అక్క బాగానే ఉంది బావా. బాత్రూంలో పానా పట్టుకుని కుళాయి బాగుచేస్తోంది. నన్ను చూసి నవ్వింది. తాగావా ఏమిటి?”

“ముసలావిడ?”

“ఎవరూ లేరు. వచ్చిందట, చూసిందట, పోయిందట.”

ఆర్మాండో స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఊరటపడాలో, భయపడాలో తెలియక ఏడ్చాడు.

ఇంటికొచ్చాడు. లోర్నా ఎదురొచ్చి పెట్టె అందుకుంది. అదే ముఖం, అదే మెడ మీద పుట్టుమచ్చ. వారం తిరిగేసరికి కుళాయి కారడం ఆగింది, తలుపు కిర్రుమనడం మానింది, వంటింట్లో అర వెలిసింది. అతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆమె సాధించడం మానేసింది. పొద్దున లేచి ఎండ పడే చోట నిలబడి, గోడను అరచేత్తో నిమిరేది. లోర్నా ఎప్పుడూ మన ఇల్లు అనేది. ఇప్పుడు నా ఇల్లు అంటోంది. అంతే తేడా.

“నీ పంట పండింది బావా,” అన్నాడు వెండెల్ ఒకరోజు, కొత్త అరను తడిమి చూస్తూ. “ఇల్లంటే ఇలా ఉండాలి. మా ఇంట్లో నేను మేకు కొడదామన్నా సుత్తి దొరకదు.”

వెండెల్ కళ్ళలో ఆర్మాండో ఎన్నేళ్ళుగానో చూడాలనుకున్నది కనిపించింది. అతను తనలో తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. కానీ నవ్వాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం రోషెల్ ఫోను చేసింది.

“సార్, ఫెర్న్ వీధి నుంచి ఈ నెల కవరు రాలేదని వెళ్ళాను. ఆవిడ తలుపు అవతలినుంచి మాట్లాడింది. నాలుగేళ్ళలో మొదటిసారి. నేననుకున్నంత ముసలి గొంతు కాదు సార్. తలుపు తీయడం రావట్లేదట. చలి, చలి అంటోంది. మా ఆయనకు చెప్పండి, మా ఆయనకు చెప్పండి అంటోంది. కాగితాల్లో ఆవిడకు భర్త లేడు కదా.”

ఆర్మాండో ఫోనును చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

“తాళం తీసి లోపలికి వెళ్ళి చూడమంటారా? మీరు సరే అనండి చాలు, రేపటికి నోటీసు అంటిస్తాను.”

వంటింట్లో ఆమె వీపు తిప్పి గిన్నెలు కడుగుతోంది. నీళ్ళలో చేతులు ఆగిపోయాయి. వింటోంది.

ఒక్క మాట. సరే అంటే చాలు. అక్కడ తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఏమవుతుందో, ఈ ఇల్లు ఎవరిదవుతుందో, చీకట్లో వదిలి తాళం వేసిన మనిషి ముఖం ఎలా చూడాలో...

“వద్దు,” అన్నాడు ఆర్మాండో. “పెద్దావిడ. ఇబ్బంది పెట్టకండి.”

ఫోను పెట్టేశాడు. ఆమె చేతులు మళ్ళీ కదిలాయి.

“ఎవరు?” అంది.

“అద్దెకున్నావిడ సంగతి.”

“పాపం,” అంది ఆమె. గిన్నె తుడిచి అరలో పెట్టింది. కిటికీలోంచి ఎటో చూస్తూ, “వెండెల్ వాళ్ళింట్లో ఎన్ని గదులు?” అని అడిగింది.

ఆ ఇంట్లో సగం గదులకు రంగు వేసింది లోర్నాయే.

ఆర్మాండో కుర్చీ అంచు పట్టుకున్నాడు. తెలీదు అనొచ్చు.

“అయిదు,” అన్నాడు. “మేడ మీద ఇంకో రెండు.”

“ఎండ బాగా వస్తుందా?”

“వస్తుంది,” అన్నాడు. “మనకంటే బాగా వస్తుంది.”

ఆమె తలాడించింది. బయట నిమ్మచెట్టు మీద ఎండ ఫెళఫెళా కాస్తోంది. ఆమె ముందున్న కిటికీ అద్దం మీద, లోపలి వైపున, మంచు మెల్లగా పువ్వులు పువ్వులుగా పాకడం మొదలుపెట్టింది.